వేలికొసన నెత్తురు

బొటనవేలు రొయ్య మెడ కింద ఆనింది, చూపుడువేలు పైన వాలింది, మణికట్టు అరంగుళం తిరిగింది. తల ఒకవైపు, కండ ఒకవైపు పడ్డాయి. చూసేవాళ్ళకు అవి మూడు పనులు. సువార్తమ్మకు అది ఒక్కటే పని, సగం ఊపిరి పని. పడ్డ కండ ఐసులో కూరుకుపోకముందే ఆమె వేళ్ళు మరో రొయ్య మెడను వెతుక్కుంటాయి.

గుండుగొలను దాటాక హైవే పక్కన ఉంటుంది ఆ రొయ్యల ఫ్యాక్టరీ. తలలు తీసే హాల్లో పొడవాటి స్టీలు బల్లకు రెండువైపులా నలభై మంది ఆడవాళ్ళు. తెల్లటి టోపీలు, తెల్లటి మూతిగుడ్డలు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. కళ్ళు తప్ప మనిషి కనిపించదు. చేతులకు పల్చటి తొడుగులు. ఆ తొడుగులు చలి చేతికి తగలకుండా వేసినవి కావు, చేయి రొయ్యకు తగలకుండా వేసినవి. నలగ్గొట్టిన ఐసులో నాలుగు గంటలు మునిగి లేచే వేళ్ళు మధ్యాహ్నానికి తమవి కానట్టుంటాయి. అయినా పని ఆగదు. వేళ్ళకు తెలిసిన పని కళ్ళకు అక్కర్లేదు.

"సువార్తమ్మగారూ, మీ వంతండి," అంది సూపర్‌వైజరు దుర్గాభవాని.

హాలు చివర చిన్న బల్ల వేసుకుని సుకుమార్ అనే కుర్రవాడు కూర్చున్నాడు. పరీక్షల కోసం పట్నం నుంచి ఫ్యాక్టరీ పిలిపించిన మనిషి. ఎక్కడో మరో ఫ్యాక్టరీ చల్లగదిలో ఎవరో కళ్ళు తిరిగి పడిపోయారట. సరుకు కొనే విదేశీయులు పనివాళ్ళందరి ఆరోగ్యం కాగితం మీద చూపమన్నారట. సరుకు మోసే మగవాళ్ళను పొద్దున ఏడింటికే గేటు దగ్గర, లోపల అడుగు పెట్టకముందే పరీక్షించారు. ఆడవాళ్ళ బల్ల ఆగకూడదు కనుక వాళ్ళను పని మధ్యలో ఒక్కొక్కరినే పిలుస్తున్నారు.

సువార్తమ్మ తొడుగు లాగి చేయి చాపింది. వేళ్ళు తెల్లబడి, ముడతలు పడి, నీళ్ళలో నానిన నూలు గుడ్డలా ఉన్నాయి. సుకుమార్ చూపుడువేలికి మిషను తగిలించాడు. కరోనా రోజుల్లో ఇంటింటికీ తిరిగిన మిషనే, వేలిని కరుచుకునే చిన్న డబ్బా. ఎర్రటి అంకెలు కాసేపు తడబడి నిలబడ్డాయి.

"ఎనభై ఏడండి."

ఆ రోజుల్లో ఎనభై ఏడంటే ఏలూరుకు అంబులెన్సు. తొంభై నాలుగు దిగితే వీధి వీధంతా ప్రార్థన చేసేది.

"నేను బాగానే ఉన్నానండి బాబూ. పొద్దున్నించీ పదహారు ట్రేలు తీశాను."

"మీరు చెప్పేది కాదమ్మా, మిషను చెప్పాలి," అంటూ సుకుమార్ చీటీ చింపాడు. దాని మీద 'అన్‌ఫిట్' అని ముందే అచ్చయి ఉంది. పేరు రాసుకోవడానికి ఖాళీ మాత్రం వదిలారు.

సాయంత్రానికి అటువంటి చీటీలు పదకొండయ్యాయి. ఒంట్లో రక్తం తక్కువట అన్న మాట హాలంతా పాకింది. చీటీ పడ్డవాళ్ళు మర్నాటి నుంచే పనిలోకి రాకూడదు. శనివారం ఫ్యాక్టరీ బస్సెక్కే పేర్ల జాబితా తిరగరాస్తారు. చీటీ పడ్డ పేరు జాబితాలో ఉండదు. ఈ జాబితాలో లేని పేరును చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ గేటూ లోపలికి రానివ్వదు. కొల్లేటి అంచున ఉన్న ఆ ఊళ్ళలో ఆడమనిషికి ఏడాది పొడవునా దొరికే పని ఇదొక్కటే.

బస్సు దగ్గర వెంకట్రాజు కనిపించాడు. చల్లగదిలో పెట్టెలు మోసే ముఠాకు పెద్ద.

"ఏం వదినా, ఒంట్లో రక్తం లేకుండానే ఇన్నేళ్ళూ తలకాయలు తీశావా? మాది చూడు, తొంభై తొమ్మిది. ఆ ఒక్కటీ దేవుడికి వదిలేశాం."

"దేవుడికి వదిలింది ఆ ఒక్కటేనా రాజూ, బుర్ర కూడానా?" అంది సువార్తమ్మ.

ఆడవాళ్ళు నవ్వారు. తను మాత్రం నవ్వలేదు. బస్సెక్కాక పక్క సీట్లో ఏంజెల్ తలవంచుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, బల్ల దగ్గర ఆమె పక్క స్థానం. చేతిలో ఎనభై ఎనిమిది రాసిన చీటీ.

"పిన్నీ, శనివారంలోగా బీట్‌రూటు తింటే ఎక్కుద్దా రక్తం?"

"ఎన్ని కిలోలు తింటావే?"

"ఎన్నంటే అన్ని."

*

బీట్‌రూటు మంగళవారం పొద్దున్నే వచ్చింది. దానిమ్మకాయలూ వచ్చాయి, తాటిబెల్లమూ వచ్చింది. పదకొండు ఇళ్ళలోనూ పెదాలు ఎర్రబడ్డాయి. సువార్తమ్మ మాత్రం చీటీని కొంగున ముడేసుకుని ఆరోగ్య కేంద్రానికి నడిచింది. మూడు కిలోమీటర్ల కాలవగట్టు, నెత్తిన ఎండ. చేరేసరికి ఒళ్ళంతా చెమట.

నర్సు ప్రసూన ఆమె వేలికి మిషను పెట్టింది. తొంభై ఎనిమిది.

"ఇంకో వేలికి పెట్టండమ్మా."

ఇంకో వేలికీ తొంభై ఎనిమిదే. సువార్తమ్మ కొంగు విప్పి చీటీ చూపించింది. ప్రసూన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్లో రక్తం తక్కువని ఎక్కడుందండీ?"

"ఎనభై ఏడంటే అదే కదమ్మా. అందరూ బీట్‌రూటు తింటున్నారు."

ప్రసూనకు నవ్వొచ్చింది గాని, ఎదుటి మనిషి మొహం చూసి ఆపుకుంది. కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"రక్తాన్ని బస్సనుకోండి. ఊపిరితిత్తుల స్టాండులో ప్రాణవాయువు ఎక్కుతుంది. గుండె తోస్తే బస్సు ఒళ్ళంతా తిరిగి, ప్రతి ఊళ్ళోనూ కొంతమందిని దింపి, ఖాళీగా మళ్ళీ స్టాండుకు వస్తుంది. నిండుగా ఉన్నప్పుడు రక్తం మంచి ఎరుపు, ఖాళీ అయ్యాక నల్లెరుపు. ఈ మిషను వేలి గుండా వెలుతురు పంపి ఆ రంగు చూస్తుంది. ఉన్న సీట్లలో ఎన్ని నిండాయో అది చెబుతుంది. అసలు సీట్లెన్నో చెప్పదు. రక్తం తక్కువంటే సీట్లు తక్కువని. అది తెలియాలంటే బొట్టు రక్తం తీసి చూడాలి."

"అంటే సీట్లు తక్కువైనా, నిండుగా ఉంటే..."

"తొంభై తొమ్మిది చూపిస్తుంది."

సువార్తమ్మ ఆ మాటను కొంగున కట్టుకున్నట్టే మనసులో కట్టుకుంది. ప్రసూన మిషను మీద అంకె పక్కన ఎగిరిపడుతున్న సన్నటి గీతను వేలితో చూపింది.

"ఇది చూశారా, గుండె కొట్టుకున్నప్పుడల్లా లేస్తుంది. ఇది ఇలా ఎత్తుగా లేవాలి. లేవకపోతే ఆ అంకెను నేనైతే నమ్మను."

"నిన్న ఆ గీత లేచిందో లేదో ఎవరు చూశారమ్మా. అంకే చూశాం."

కాగితం రాయించుకుని, సువార్తమ్మ ఆటో ఎక్కి ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగింది. దుర్గాభవాని కాగితం తీసుకుని లోపలికి వెళ్ళింది. పావుగంటకు తిరిగొచ్చింది, చేతిలో అదే కాగితం, మొహంలో వెళ్ళినప్పటి ధైర్యం లేదు.

"మేనేజరుగారు బయటి కాగితం చెల్లదన్నారండి. నిన్న ఎనభై ఏడు, ఇవాళ తొంభై ఎనిమిదంటే అలా ఎక్కి దిగడం ఇంకా పెద్ద జబ్బేమో చూపించుకోమన్నారు."

"ఆ మిషను తప్పేమోనండి."

"అదే మిషను మగవాళ్ళకి బాగా చెప్పింది కదా అంటారు. నేనేం చెప్పనండీ దానికి?"

సువార్తమ్మ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. మిషను మంచిదే. ప్రసూన మిషనూ మంచిదే. రెండు మంచి మిషన్ల మధ్య మనిషే అబద్ధమైపోతోంది.

*

చిట్టిబాబు రొయ్యల చెరువుకు కాపలా. బుధవారం తెల్లవారుతుండగా సువార్తమ్మ క్యారేజీ తీసుకుని భర్త దగ్గరకు వెళ్ళింది. చెరువు నిండా ఏరేటర్లు తిరుగుతున్నాయి. తెల్లటి రెక్కలు నీళ్ళను చరిచి, ఎగరేసి, గాలిని లోపలికి కుక్కుతున్నాయి. రాత్రంతా చెరువు తన గాలిని తానే పీల్చుకుని తెల్లవారేసరికి నీరసిస్తుంది. చెరువులో ఏం తేడా జరిగినా ఆ వేళకే బయటపడుతుంది. అందుకే చిట్టిబాబు తూరుపు ఎర్రబడకముందే చెక్క వంతెన చివర నిలబడి, నీళ్ళలో ప్రాణవాయువెంతో చెప్పే మీటరు పట్టుకుంటాడు.

"ఇది పట్టుకోవే, బోర్డు మీద రాసొస్తాను," అని తీగ చేతికిచ్చాడు. తీగ చివర వేలెడు పొడవు కడ్డీ నీళ్ళలో ఉంది. మీటరు మీద నాలుగున్నర.

సువార్తమ్మ పట్టుకుని నిలబడింది. ఆమె ధ్యాస ఇక్కడ లేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గరుంది. కాసేపటికి కిందికి చూసేసరికి అంకె మూడు. చూస్తుండగానే రెండున్నరయింది.

"ఏవయ్యా, ఇటు రా. చెరువు పోతోంది."

చిట్టిబాబు పరుగెత్తుకొచ్చి, మీటరు చూసి, ఆమె చేయి చూసి నవ్వాడు.

"చెరువు పోలేదు, నీ చెయ్యే ఆగింది. కదపాలి దీన్ని." తీగ అందుకుని మెల్లగా ఊపాడు, పసిబిడ్డ ఉయ్యాల ఊపినట్టు, అటు జానెడు, ఇటు జానెడు. అంకె మూడు దాటింది, నాలుగు దాటింది, తన చోటికి చేరుకుంది. "ఈ కొస ఉందే, తనకి తగిలిన నీళ్ళలో గాలంతా తనే తినేసి, ఇక లేదంటుంది. కొత్త నీళ్ళు తగులుతుంటేనే నిజం చెప్పుద్ది. కొత్తలో నేనూ ఇట్టాగే హడలిపోయి షావుకారుకి ఫోను చేసేశాను. ఏమన్నాడో అడక్కు."

సువార్తమ్మ అడగలేదు. వంతెన మీదే చతికిలబడింది. నీళ్ళు మంచివే. మీటరూ మంచిదే. కొస దగ్గర నీళ్ళు కదల్లేదు, అంతే. అందుకు చెరువంతా చచ్చిపోయిందని తను కేకవేసింది.

తన చేతిని ముఖం దగ్గరకు తెచ్చుకుని చూసుకుంది. ఇప్పుడిది గోధుమరంగు, గోళ్ళ కింద గులాబిరంగు. సోమవారం సుకుమార్ ముందు చాపినప్పుడు తెల్లగుడ్డ. గుండె తోస్తూనే ఉంది, బస్సు తిరుగుతూనే ఉంది. ఐసు దెబ్బకు వేలికొస ఊరికి దారి మూసుకుపోయింది. దారి మూసిన ఊళ్ళో నిలబడి, దేశంలో బస్సులే లేవని రాశాడు ఆ కుర్రాడు.

ఆ వెంటనే మరొకటి తట్టింది. సోమవారం టీ అయ్యాక పిలిచిన ఆరుగురూ పాసయ్యారు. ఆరుగురూ అప్పటిదాకా రెండు చేతులతో వేడి గ్లాసులు పట్టుకున్నవాళ్ళే.

"ఏంటే, అట్టా నవ్వుతున్నావు?"

"క్యారేజీ చల్లారిపోద్ది, తిను," అంది సువార్తమ్మ.

*

గురువారం పదకొండు మందీ బస్సుకు బదులు ఆటోల్లో వెళ్ళారు. సుకుమార్ ఇంకా అక్కడే ఉన్నాడు. ప్యాకింగు వాళ్ళ పరీక్షలు మిగిలాయి. దుర్గాభవాని గేటు దగ్గర అంతా విన్నది. విని, కాసేపు తన వేళ్ళు తనే నొక్కుకుంది.

"నేను మీ తరఫున మాట్లాడలేనండి సువార్తమ్మగారూ. నా ఉద్యోగం అటువంటిది. తలుపు మాత్రం తెరుస్తాను. తర్వాత మీ ఇష్టం."

"తలుపు చాలండి."

మేనేజరు శ్రీరామచంద్ర ఏలూరు మనిషి, మాట మెత్తన. అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకుని హాల్లో తిరుగుతున్నాడు. తెల్ల కోటు వేసుకుని ఎదురుగా వచ్చి నిలబడిన సువార్తమ్మను చూసి ఆగాడు.

"ఏంటమ్మా, చూపించుకున్నారా?"

"చూపించుకున్నానండి. ఒక్క మాట అడగాలి తమర్ని. తమకి ఈ మిషను పెట్టారాండీ?"

"నాకెందుకమ్మా?"

"ఊరికేనండి. పెట్టి చూపించండి."

బల్లకు అటూ ఇటూ ఇరవై తొమ్మిది మంది ఆడవాళ్ళ చేతులు పని చేస్తూనే ఉన్నాయి. చెవులు మాత్రం ఇటే తిరిగాయి. శ్రీరామచంద్ర చిరునవ్వుతో సుకుమార్ ముందు కూర్చుని కుడిచేయి చాపాడు. తొంభై ఎనిమిది.

"ఎడమ చేతికీ పెట్టించండి."

ఎడమ చేతికీ తొంభై ఎనిమిది.

"ఇప్పుడు ఆ ఎడమ చెయ్యి ఒక్క పది నిమిషాలు మా ట్రేలో పెట్టండి బాబూ. కుడిచెయ్యి జేబులో పెట్టుకోండి."

సుకుమార్ ఏదో అనబోయాడు. శ్రీరామచంద్ర అతన్ని వారించి, గడియారం తీసి, ఉంగరం తీసి, కోటు చేయి మడిచాడు. పెద్దమనిషితనం చలికి వెనకడుగు వేస్తే నలభై మంది చూస్తారు. ఏంజెల్ తన పాత స్థానం దగ్గరకు వెళ్ళి, ఐసు నిండిన ట్రే ఒకటి తెచ్చి ముందు పెట్టింది. ఆయన చేయి ముంచాడు.

మొదటి నిమిషం మాట్లాడుతూనే ఉన్నాడు. రెండో నిమిషం మాట తగ్గింది. మూడో నిమిషానికి దవడ బిగిసింది. నాలుగో నిమిషంలో భుజం దానంతటదే పైకి లేవబోతే, ఆపుకున్నాడు.

"చాలామ్మా ఇక?"

"ఇంకా ఆరు నిమిషాలండి. మేం నాలుగు గంటలు పెడతాం."

ఎవరో మూతిగుడ్డ లోపల కిసుక్కుమన్నారు. ఆయన చేయి తీయలేదు. పది నిమిషాలూ అయ్యాక తీసినప్పుడు అది తెల్లగా, తడిగా, ఎవరి చేతినో అరువు తెచ్చుకున్నట్టు వేలాడింది. సుకుమార్ తుడిచి మిషను తగిలించాడు. అంకెలు తడబడ్డాయి. తొంభై రెండు. ఎనభై తొమ్మిది. ఎనభై నాలుగు దగ్గర నిలిచాయి.

సువార్తమ్మ గొంతు పెంచలేదు.

"ఇప్పుడు జేబులో చెయ్యి తీసి పెట్టించండి."

తొంభై ఎనిమిది.

"ఒక్క మనిషికి రెండు రక్తాలుంటాయాండీ?"

శ్రీరామచంద్ర తన రెండు చేతులనూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఒకే గుండె తోసిన నెత్తురు ఒకచోట గులాబిరంగై నిలిచింది, ఒకచోట గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

"సుకుమార్, ఆ ఎగిరే గీత చూడు బాబూ," అంది సువార్తమ్మ. "ఎడమ చేతికి పెట్టినప్పుడు అది లేచిందా?"

కుర్రవాడు మళ్ళీ పెట్టి చూశాడు. గీత నేలను అంటిపెట్టుకుని వణుకుతోంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"లేవలేదండి. లేవకపోతే అంకె రాసుకోకూడదని చెప్పారండి ట్రైనింగులో. లైను ఆగకూడదన్నారు కదా అని... నేనే చూళ్ళేదండి."

"నువ్వు చూళ్ళేదు, మేం అడగలేదు," అన్నాడు శ్రీరామచంద్ర. ఎడమచేతిని చంకలో దాచుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ పది మందివైపు తిరిగాడు. "అందర్నీ రమ్మనండి భవానిగారూ. చేతులు వెచ్చగా ఉన్నప్పుడే చూడండి."

తొంభై ఏడు. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. ఒక్కో అంకెను సుకుమార్ గట్టిగా చదువుతుంటే, బల్ల దగ్గరి ఆడవాళ్ళు పని ఆపకుండానే ఒక్కో అంకెకూ ఒక్కో 'ఆయ్' కలిపారు. ఏంజెల్‌ది తొంభై తొమ్మిది.

"బీట్‌రూటేనే," అంది ఎవరో. హాలంతా నవ్వింది.

పదకొండు చీటీలూ సుకుమార్ తన చేత్తోనే తిరిగి తీసుకున్నాడు. శ్రీరామచంద్ర ఉంగరం తొడుక్కోబోయాడు, వేళ్ళు మాట వినలేదు. దుర్గాభవాని టీ గ్లాసు తెచ్చిచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, కాసేపు తాగకుండా అలాగే కూర్చున్నాడు.

"ఇది ఇంతలా గుచ్చుతుందని తెలియదమ్మా నాకు. వేడి తగిలాక ఇంకా ఎక్కువ గుచ్చుతోంది."

"రక్తం తిరిగొస్తోందండి. వచ్చేటప్పుడు అలాగే ఉంటుంది."

"ఇంకేమైనా చెప్పాలా మీరు?"

సువార్తమ్మ తోటివాళ్ళ వంక చూసింది. పదేళ్ళుగా ఈ హాల్లో ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు.

"రెండు చెప్పాలండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గోరువెచ్చని నీళ్ళు పెట్టించండి, పది నిమిషాలు చేతులు పెట్టుకుంటాం. రెండోది, ఈ మిషను రక్తం ఎంతుందో చెప్పదటండి. నర్సమ్మని పిలిపించి, ఆడామగా అందరికీ బొట్టు రక్తం తీయించండి. ఒకే వేళ, ఒకే వరసలో."

*

శనివారం పొద్దున గేటు దగ్గర రెండు కుర్చీలు వేశారు. ప్రసూన సూదులూ, చిన్న మిషనూ, దూదీ సర్దుకుంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే వరసలో నిలబడ్డారు. బస్సు జాబితా శ్రీరామచంద్ర చేతిలో ఉంది. దాని కింద గట్టి అట్ట, పైన మూత తీసిన పెన్ను. సువార్తమ్మ వరస ముందు నిలబడి, వచ్చినవాళ్ళ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టి రుద్ది, వెచ్చబడ్డాక ప్రసూనకు అందిస్తోంది.

హిమోగ్లోబిన్ ఏంజెల్‌కు పన్నెండు. సువార్తమ్మకు పదకొండున్నర. ఇద్దరు ముగ్గురికి పది దగ్గర ఉంటే ప్రసూన ఇనుము మాత్రలు చేతిలో పెట్టింది. చీటీలు పడ్డ పదకొండు మందిలో ఒక్కరూ పది దిగలేదు.

వెంకట్రాజు వంతొచ్చింది.

"గట్టిగా గుచ్చండి నర్సమ్మా. తొంభై తొమ్మిది గల రక్తం, చిమ్ముద్దేమో."

బొట్టు లేచింది. పల్చగా ఉంది. ప్రసూన అంకె చూసి, మరో వేలు గుచ్చి, మళ్ళీ చూసింది.

"ఏడు పాయింటు రెండు."

"అంటే?"

"సీట్లు సగమేనండి," అంది ప్రసూన నెమ్మదిగా. "ఉన్నవి నిండుగా ఉన్నాయి, అందుకే మిషనుకు తొంభై తొమ్మిది. మెట్లెక్కితే ఆయాసం రావట్లేదూ?"

వెంకట్రాజు వేలి మీది దూదిని చూసుకున్నాడు. వెనక ముఠా కుర్రాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు వాళ్ళకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి: పెద్ద ఈ మధ్య పెట్టెలు తాను మోయక లెక్క మాత్రమే చెప్పడం, బరువెత్తాల్సి వచ్చినప్పుడల్లా ఏదో ఒక జోకు వేసి గోడకు ఆనుకోవడం.

"బీడీలు మానేస్తే ఆయాసం తగ్గుద్దనుకున్నా," అన్నాడు చివరికి, ఎవరికీ కాకుండా.

శ్రీరామచంద్ర పెన్ను జాబితా మీదికి వచ్చింది. నిబంధన ఆయన రాసింది కాదు, ఆయన చేతికి వచ్చింది. పేరు దగ్గర ముల్లు ఆగింది. సోమవారం బస్సు దగ్గర ఆ మనిషి అన్న మాట అక్కడున్న ప్రతి ఆడమనిషికీ గుర్తుంది. సువార్తమ్మకు మరీ గుర్తుంది. ఆమె ఒక్క మాట అననక్కర్లేదు. ఊరికే నిలబడి ఉంటే చాలు, పెన్ను తన పని తను చేసుకుపోతుంది.

ఆమె వెంకట్రాజు చేయి ఇంకా వదల్లేదు. అరచేతిలో ఐసు పెట్టెల కాయలు గట్టిగా తగులుతున్నాయి. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. ఎంత రుద్దినా తెల్లగానే ఉన్నాయి. ఇది చలి తెలుపు కాదు.

"పేరు కొట్టెయ్యకండి బాబూ," అంది.

శ్రీరామచంద్ర తలెత్తాడు.

"బరువు పని కుదరదు కదమ్మా ఆయనకి."

"బరువు పని వద్దండి. రక్తం ఎందుకు పోతోందో ఏలూరు పెద్దాసుపత్రిలో చూపించుకుంటాడు, మందులు వాడతాడు. ఎన్నాళ్ళు పడుతుంది నర్సమ్మా?"

"కారణం దొరికితే రెండు మూడు నెలల్లో నిలబడతారు," అంది ప్రసూన.

"అప్పటిదాకా ఇక్కడే తేలిక పనేదన్నా ఇవ్వండి. ఇంటికి పంపితే ఈయన ఇంట్లో కూర్చోడు, రేపే ఏ రైసుమిల్లు దగ్గరో మూటలు మోస్తాడు. అక్కడ పడిపోతే కాగితం మీద మీ తప్పుండదు. అంతే తేడా."

పెన్ను చాలాసేపు గాలిలో ఉంది. తర్వాత శ్రీరామచంద్ర దానికి మూత పెట్టాడు. పేరు అలాగే ఉంది. దాని పక్కన తర్వాతెప్పుడో, ఆయన చేతిరాతతోనే, 'నీళ్ళ పని' అని రెండు మాటలు చేరాయి.

వెంకట్రాజు చేయి వెనక్కి తీసుకున్నాడు. జోకు కోసం వెతుక్కున్నట్టు పెదాలు కదిపాడు. దొరకలేదు.

*

సోమవారం పదిన్నరకు హాల్లో గంట మోగింది. నలభై మంది తొడుగులు లాగేశారు. బల్ల పక్కన వరసగా నాలుగు వెడల్పాటి టబ్బులు. వాటిలోకి కుళాయి గొట్టం తిప్పి వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలుపుతున్నాడు వెంకట్రాజు. తెల్లటి టోపీ అతనికి కొంచెం చిన్నది. కలిపిన ప్రతిసారీ మోచేయి ముంచి చూస్తున్నాడు, పసిపిల్లకు నీళ్ళు పోసేముందు చూసినట్టు.

పది మంది ఒకేసారి చేతులు ముంచారు. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత చీమలు, ఆ తర్వాత సూదులు. ఏంజెల్ 'అమ్మా' అని పళ్ళు బిగించింది. గుండె తోసిన నెత్తురు మణికట్టు దాటి, అరచేయి నిండి, మూతబడ్డ సందుల్లో దారి చేసుకుంటూ ఒక్కో వేలూ ఎక్కింది. బొటనవేలి గోరు ముందు ఎర్రబడింది. చూపుడువేలు అందుకుంది. చిటికెనవేలు అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే గట్టిగా నొప్పి పెట్టింది. నీళ్ళ కింద వంద గోళ్ళు గులాబిరంగు తిరుగుతుంటే, మూలుగూ నవ్వూ కలిసిపోయిన చప్పుడు హాలు పైకప్పు దాకా లేచింది.

"వేడి సరిపోయిందా వదినా?" అన్నాడు వెంకట్రాజు, గొట్టం పట్టుకుని.

"ఇంకాస్త వేడినీళ్ళు పొయ్యి," అంది సువార్తమ్మ.

అతను పోశాడు. ఆమె పక్కకు జరిగి టబ్బులో చోటిచ్చింది.

"నువ్వూ పెట్టు చేతులు."

గొట్టం కింద పెట్టి, వెంకట్రాజు నీళ్ళలోకి వంగాడు.